అన్నం లేని పూట: నేత కుటుంబాలకు చౌకలో పుష్టికరమైన భోజనం

చెన్నపట్నంలో నేడు నేతపనివాని యింట బియ్యానికి కొరత లేదు. తమిళనాడు ప్రభుత్వం 2011 జూన్ నుండి బియ్యపు కార్డులపై బియ్యాన్ని ఉచితంగా ఇస్తున్నది. 2013 లో నగరంలో అమ్మ ఉణవగాలు ఒక రూపాయికే ఇడ్లీ పెట్టడం ప్రారంభించాయి. ఆకలి తీర్చడంలో ఇవి చేసిన మేలు ఇంతింత కాదు. అయితే చేతిలో డబ్బు తగ్గినప్పుడల్లా కూర తగ్గి, పప్పు పలచనై, అన్నం ముద్దలే పెరుగుతున్నవి. కడుపు నిండుతున్నది గాని ఒంటికి పుష్టి చాలడం లేదు.

దీనికి తోడు చక్కెర వ్యాధి ప్రబలినది. ఈ నగరంలోని మద్రాసు డయాబెటిస్ రీసెర్చి ఫౌండేషన్ వారు భారత వైద్య పరిశోధన మండలితో కలిసి జరిపిన సర్వే 2023 లో వెలువడినది. దాని ప్రకారం దేశంలో 10 కోట్ల పైచిలుకు జనానికి ఈ వ్యాధి వున్నది. తమిళనాడులో పెద్దవారిలో నూటికి 14 మందికి పైగా వున్నది. అన్నమొక్కటే దీనికి కారణం కాదు. వంశం, స్థూలకాయం, కదలిక లేని బ్రతుకు కూడ కారణాలే. కాని వ్యాధి ముదిరితే కండ్లు, పాదాలు చెడతాయి. తెగిన పోగును చూచి అతికేది కండ్లు. గుంటలో తొక్కుడు కర్రలను నడిపేది పాదాలు. అవి పోయిన నేతగానికి మగ్గం వున్నా లేనట్లే గదా!

ధాన్యం లేని భోజనం మనకు కొత్త మాట కాదు. 1950 నుండి 1952 వరకు కె. ఎం. మున్షీ కేంద్ర ఆహార మంత్రిగా వున్నప్పుడు దేశంలో తిండిగింజల కరువు వుండేది. అప్పుడు లీలావతి మున్షీ మొదలైన మహిళలు ‘అన్నపూర్ణ’ భోజనశాలలు నెలకొల్పి, బియ్యం, గోధుమ లేని వంటకాలను ప్రజలకు అలవాటు చేయబూనారు. నాడు ధాన్యం చాలక మానమన్నారు. నేడు ధాన్యమే మితిమీరినందువల్ల కొన్ని పూటలైనా మానవలసి వచ్చినది.

ఇక్కడ ధాన్యమంటే బియ్యం, గోధుమ, జొన్న, రాగి వంటివి. కంది, పెసర, ఉలవ, అలసంద మొదలైన వాటిని పప్పుధాన్యాలని పిలుస్తున్నా అవి వేరు జాతి. బియ్యంలో నూటికి ఏడెనిమిది పాళ్ళు మాంసకృత్తులుంటే, వీటిలో 22 నుండి 24 పాళ్ళు వుంటాయి. పీచు ఎక్కువ గనుక నిదానంగా జీర్ణమవుతాయి.

ఖర్చు మాట

ఉచిత బియ్యం కన్న చౌకైనది ఏదీ లేదు. అందువల్ల అన్ని పూటలూ అన్నం మానమని చెప్పడం పేదవానికి పనికిరాని సలహా. వారానికి రెండు మూడు రాత్రులతో ప్రారంభించవచ్చు. రేషన్ అంగడిలో కిలో కందిపప్పు 30 రూపాయలకు దొరుకుతున్నది. నలుగురున్న యింట పూటకు పావుకిలో చొప్పున వండితే నాలుగు పూటలు వస్తుంది. పూటకు పప్పు ఖర్చు ఏడున్నర రూపాయలు మాత్రమే. అందులో రెండు గుప్పెళ్ళ మునగాకు వేసి గట్టిగా వండి, అన్నంలో కలపకుండా గిన్నెలో పెట్టుకొని, వంకాయ లేక సొరకాయ కూరతోను, గుప్పెడు వేయించిన వేరుశనగలతోను తినవలెను. పలచని పప్పుతో ఈ పూట నడవదు.

ఉలవలు ఒక్క కుండలో రెండు వంటలు. రాత్రి నానబెట్టి, మరునాడు మెత్తగా వుడికించి, ఆ నీటిని చారు కాచుకొని, గింజలను ఉల్లిపాయ, మిరపకాయలతో తాలింపు వేసి గుగ్గిళ్ళు చేయవచ్చు. అలసందలకూ ఇదే పద్ధతి.

పెసరట్టులో చాలమంది కలిపే గుప్పెడు బియ్యం మానవలెను. పొట్టు పెసలు ఆరేడు గంటలు నానితే, అల్లం, జీలకర్రతో రుబ్బిన పిండి బియ్యం లేకుండానే చక్కగా పరచుకొంటుంది.

గుడ్లు తినేవారికి నామక్కల్ గుడ్డు వున్నది. ఒక్కొక్క దానిలో ఆరు గ్రాముల మాంసకృత్తులు. చేపలు తినేవారు కాశిమేడులో దొరికే ఎండు నెత్తళ్ళను వంకాయతో పులుసు పెట్టుకోవచ్చు. ఉప్పును ముందుగా బాగా కడగవలెను.

కొన్ని జాగ్రత్తలు

అన్నం బదులు కర్రపెండలం, బంగాళాదుంప పళ్ళెం నిండా తింటే చక్కెర వ్యాధి వారికి ప్రయోజనం లేదు, అవీ పిండిపదార్థాలే. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా అన్నం హఠాత్తుగా తగ్గించరాదు. రక్తంలో చక్కెర పడిపోయి ప్రమాదం రావచ్చు. మూత్రపిండాల జబ్బు వున్నవారు పప్పు ఎంత తినవలెనో డాక్టరునే అడగవలెను. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు అన్నం తీసివేయక, పప్పు, గుడ్డు అదనంగా పెట్టవలెను.

చివరగా ఒక ముఖ్య విషయం. రోజంతా కండెలు చుట్టిన ఇల్లాలు అందరికీ వడ్డించి, మిగిలిన అన్నంలో చారు పోసుకొని తినడం మన యిండ్లలో పరిపాటి. వండిన పప్పులో ఆమె పాలు ముందే తీసి పక్కన పెట్టవలెను. ఆమె కష్టం లేనిదే మగ్గం సాగదు. సోదర సోదరీమణులు వచ్చే వారం ఒక రాత్రి ఈ విధంగా వండి చూడవలసినదిగా కోరుతున్నాము.