కోట్ల విలువైన మైక్రోస్కోప్ ఒక్కటే.. ల్యాబ్‌లు పది! వంతు ఎవరిది?

కంటి ఆసుపత్రిలో గడ్డం ఆనించి, చిన్న వెలుతురు గుర్తును చూస్తూ ఎప్పుడైనా కూర్చున్నారా? క్షణాల్లో మీ రెటీనా పొరలు కంప్యూటర్ తెరపై కనిపిస్తాయి. అదే ఓసీటీ స్కాన్. 1991లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు, వారి సహచరులు ఈ విధానాన్ని లోకానికి పరిచయం చేశారు. ఇలాంటి ఆవిష్కరణకు డాక్టర్, ఇంజినీర్, భౌతికశాస్త్రవేత్త కలిసి పనిచేయాలి. వాళ్లకు ఖరీదైన యంత్రాలూ కావాలి. ప్రతి ప్రొఫెసర్‌కూ ఒక్కో యంత్రం కొనివ్వడం ఏ యూనివర్సిటీ వల్లా కాదు. మరి ఒకే యంత్రాన్ని అందరూ ఎలా వాడుకుంటారు?

ఏమిటీ ‘కోర్ ఫెసిలిటీ’?

పలు ల్యాబ్‌లు కలిసి వాడుకునే ఉమ్మడి కేంద్రమే కోర్ ఫెసిలిటీ. దృష్టి పరిశోధనలో దీనికి మంచి ఉదాహరణ అమెరికాలో ఉంది. 1968లో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్, యూనివర్సిటీలకు ‘పీ30’ పేరుతో కోర్ గ్రాంట్లు ఇస్తోంది. ఈ డబ్బు ఏ ఒక్కరి ప్రాజెక్టుకో కాదు. ఇప్పటికే గ్రాంట్లు తెచ్చుకున్న పలువురు కంటి శాస్త్రవేత్తలకు పనికొచ్చే ఉమ్మడి సేవల కోసం. ఇతర రంగాల వారిని దృష్టి పరిశోధన వైపు రప్పించడం కూడా దీని ఉద్దేశమే.

ఏమేం ఉంటాయి?

సాధారణంగా ఈ విభాగాలు కనిపిస్తాయి:

- ఇమేజింగ్: కాన్ఫోకల్ మైక్రోస్కోపులు, కణజాలాన్ని పలుచటి పొరలుగా కోసే పరికరాలు.
- వర్క్‌షాప్: బజారులో దొరకని పరికరాల తయారీ, మరమ్మతు.
- కంప్యూటింగ్, గణాంకాలు: ప్రయోగాలకు ప్రోగ్రాములు రాయడం, ఎంతమందిని పరీక్షిస్తే ఫలితం నమ్మదగ్గదో ముందే లెక్కగట్టడం.

వర్క్‌షాప్ ఎందుకంటారా? 1997లో రోచెస్టర్ యూనివర్సిటీ బృందం, ఖగోళశాస్త్రంలో వాడే అడాప్టివ్ ఆప్టిక్స్‌తో సజీవ మానవ నేత్రంలోని కోన్ కణాలను స్పష్టంగా ఫొటో తీసింది. అలాంటి పరికరాన్ని అప్పట్లో దుకాణంలో కొనే వీలు లేదు. శాస్త్రవేత్తలే నిర్మించుకోవాల్సి వచ్చింది.

వంతు ఎలా?

ముందు శిక్షణ. ఆ తర్వాతే ఆన్‌లైన్ క్యాలెండర్‌లో స్లాట్. గంటల లెక్కన ఫీజు. బుక్ చేసి రాకపోతే చాలాచోట్ల ఆ సమయానికీ చెల్లించాల్సిందే. వివాదం వస్తే ప్రొఫెసర్లతో కూడిన కమిటీ తేలుస్తుంది. ఈ నియమాలు లేకపోతే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పెద్ద ల్యాబ్ వాళ్లు వారమంతా యంత్రాన్ని పట్టుకుంటారు. కొత్తగా చేరిన పీహెచ్‌డీ విద్యార్థికి దక్కేది అర్ధరాత్రి స్లాటే.

అసలు చిక్కు ఫీజుతోనే

అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం ఇలాంటి కేంద్రాలు లాభం చూసుకోకూడదు. అయిన ఖర్చు మేరకే రాబట్టాలి. ప్రభుత్వ గ్రాంటు ఉన్నవారికి ఒక రేటు, లేనివారికి తక్కువ రేటు అనే వివక్ష ఉండకూడదు. కనీసం రెండేళ్లకోసారి రేట్లను సరిచేయాలి.

న్యాయంగానే ఉంది కదా? ఓ ఊహా లెక్క చూడండి. యంత్రం నిర్వహణకు ఏడాదికి రూ.10 లక్షలు. 1,000 గంటల వాడకం ఉంటే గంటకు రూ.1,000. మరుసటి ఏడాది వాడకం 500 గంటలకు పడిపోతే, అదే ఖర్చుకు గంటకు రూ.2,000 వసూలు చేయాలి. రేటు పెరిగితే మరికొందరు మానేస్తారు. దాంతో రేటు ఇంకా పెరుగుతుంది. చివరికి బాగా పనిచేసే యంత్రం కూడా మూలన పడుతుంది. కోర్ గ్రాంట్ ఆదుకునేది ఇక్కడే. ఖర్చులో కొంత అదే భరిస్తే ఫీజు అందుబాటులో ఉంటుంది.

యంత్రం కంటే మనిషే ముఖ్యం

మైక్రోస్కోప్‌ను ఒకసారి కొంటే సరిపోతుంది. దాన్ని నడిపే నిపుణుడికి నెలనెలా జీతం ఇవ్వాలి. ఏ శాంపిల్‌కు ఏ రంగు వాడాలో, చిత్రం ఎందుకు మసకబారిందో చెప్పేది ఆయనే. పీ30 గ్రాంట్ సాధారణంగా ఐదేళ్లకు ఇస్తారు. గడువు ముగిశాక మళ్లీ పోటీపడాలి. రాకపోతే ముందు ఇబ్బందిలో పడేది ఈ ఉద్యోగాలే. నిపుణుడు వెళ్లిపోతే ఏళ్లనాటి అనుభవం ఆయనతోనే పోతుంది. కొత్తవారిని తీసుకున్నా అది వెంటనే తిరిగి రాదు.

మన దగ్గర పరిస్థితి?

రోచెస్టర్‌లో పనిచేసి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిని స్థాపించారు. వైద్యంతో పాటు పరిశోధన కూడా ఆ సంస్థలో భాగమే.

ఇక అన్ని రంగాల పరిశోధకుల కోసం కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ‘ఐ-స్టెమ్’ పోర్టల్ తెచ్చింది. ప్రజాధనంతో కొన్న పరికరాలు ఏ సంస్థలో ఉన్నాయో అందులో వెతకొచ్చు. రిజిస్టర్ చేసుకుని స్లాట్ కోరవచ్చు. మీరో, మీ ఇంట్లో పిల్లలో పరిశోధన చేస్తుంటే, బుక్ చేసే ముందు ఆ సంస్థను నాలుగు ప్రశ్నలు అడగండి:

1. యంత్రం ఇప్పుడు పనిచేస్తోందా?
2. ఆపరేటర్ ఉంటారా, మేమే నడపాలా?
3. శాంపిల్ ఎలా సిద్ధం చేసి తేవాలి?
4. రద్దు చేసుకుంటే ఫీజు వెనక్కి వస్తుందా?

పరిశోధన చేయని వారికీ ఇందులో వాటా ఉంది. ఈ యంత్రాల్లో చాలావాటిని కొన్నది మన పన్నులతోనే. ఎన్ని కొన్నారన్నది బడ్జెట్ లెక్కల్లో తెలుస్తుంది. రోజుకు ఎన్ని గంటలు, ఎంతమందికి పనికొస్తున్నాయన్నది కూడా మనం అడగాల్సిన లెక్కే.