ఏడ్చింది హీరోయిన్... నొప్పి నాది!

మీరు నన్ను చూసి ఉండరు. విని మాత్రం ఉంటారు.

తమిళం నుంచీ హిందీ నుంచీ తెలుగులోకి దిగే సినిమాల్లో హీరో చెల్లెలిగానో, విలన్ పెళ్లాంగానో, అదృష్టం బాగున్న రోజున ఏకంగా హీరోయిన్‌గానో మాట్లాడేది నేనే. సాయంత్రం సీరియల్లో కోడల్ని కాల్చుకు తినే అత్తగారి గొంతు కూడా నాదే! పేరు ఎందుకులెండి. తెలిసిందంటే, "పాపం, ఆ అమ్మాయికి ఒంట్లో బాగోదుట" అని జాలిపడి, ఆ జాలితోనే ఇంకొకరికి ఫోన్ చేస్తారు. మా ఫీల్డులో జాలి చాలా ఖరీదైన వస్తువు.

2021 చివర్లో మాట. కృష్ణానగర్ దగ్గర ఒక డబ్బింగ్ థియేటర్. తెర మీద నాయిక భర్త శవం మీద పడి ఏడుస్తోంది. ఏడు టేకులు అయ్యాయి. ఎనిమిదోది అవగానే అద్దం అవతల్నుంచి సౌండ్ ఇంజనీరు బొటనవేలు పైకెత్తాడు.

"అక్కా, ఇది నిజం ఏడుపులా ఉంది. ఓకే!"

నిజం ఏడుపే మరి! తల మీద హెడ్‌ఫోన్స్ బరువు భరించలేక ఏడ్చాను. మెడ, భుజాలు, నడుము, తుంటి, మోకాళ్లు... ఏది నొప్పి అని అడిగితే ఏది కాదో చెప్పడం తేలిక. రాత్రి ఎనిమిది గంటలు పడుకుని లేచినా, రాత్రంతా రాళ్లు మోసొచ్చినట్టు ఉండేది. అన్నిటికన్నా భయపెట్టింది ఇంకొకటి. తెర మీద పెదవి కదిలేది, నా నోట్లోంచి మాట వచ్చేది కాదు. కళ్ల ముందు కాగితం ఉంది, అక్షరాలు ఉన్నాయి, మాట మాత్రం మంచులో చిక్కుకున్నట్టు! లిప్ సింక్ తప్పిన డబ్బింగ్ ఆర్టిస్టు తాళం తప్పిన నర్తకితో సమానం. ఎన్నాళ్లు పిలుస్తారు?

"ఏం లేదమ్మా నీకు!"

డాక్టర్ల చుట్టూ తిరిగాను. రక్తపరీక్షలన్నీ నార్మల్. ఎక్స్‌రే నార్మల్. థైరాయిడ్ నార్మల్. ఒకాయన విటమిన్ డి రాశాడు. ఇంకొకాయన కళ్లజోడు సవరించుకుని, "పెళ్లి చేసుకోమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. ఫీజు తీసుకుని మరీ! మా అమ్మ దారి పొడుగునా, "విన్నావా, డాక్టరు కూడా అదే అంటున్నాడు" అని సాధించింది.

ఏడాది తిరిగాక, 2022 నవంబరులో, కీళ్లవాతం చూసే ఒక డాక్టరమ్మ గారు ముప్పావు గంట కూర్చోబెట్టి అన్నీ అడిగారు. నిద్ర సంగతి అడిగిన మొదటి మనిషి ఆవిడే. చివరికి పేరు చెప్పారు - ఫైబ్రోమయాల్జియా.

అప్పుడే 'యశోద' రిలీజయింది. అంతకు కొద్ది రోజుల ముందే సమంత తనకు మయోసైటిస్ అని ప్రకటించింది. దాంతో తెలిసిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "సమంతకి వచ్చిందే నీకూ వచ్చిందా?" కాదు మహాప్రభో! ఆవిడది కండరాలకు నిజంగా వాపు వచ్చే జబ్బు. ఒంటిని కాపాడాల్సిన సైన్యమే కండరాల మీద తిరగబడటం. నాకు వాపు లేదు. కండరం బాగానే ఉంది, కీలూ బాగానే ఉంది. నొప్పిని కొలిచే నరాల్లో, మెదడులో తేడా.

ఈ సంగతి మా ఇంజనీరు కుర్రాడికి చెబితే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అంటే మైకు బాగానే ఉంది, గెయిన్ ఎక్కువ పెట్టేశారన్న మాట!" అంతే. గెయిన్ పెంచితే ఊపిరి కూడా ఉరుములా వినిపిస్తుందే, అలా. దుప్పటి తగిలినా నొప్పే.

ఈ జబ్బు కొత్తదేం కాదు. 1904లోనే గోవర్స్ అనే ఇంగ్లండు డాక్టరు 'ఫైబ్రోసైటిస్' అన్నాడు. వాపు లేదని తేలాక, 1976లో ఇప్పటి పేరు వచ్చింది. 1990లో ఒంటి మీద 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పి అంటే ఇదే జబ్బు అని లెక్క పెట్టారు. 2010లో ఆ నొక్కుళ్లు కూడా తీసేసి, ఎన్ని చోట్ల నొప్పి, నిద్రెలా ఉంది, అలసట ఎంత అని అడిగి తేల్చే పద్ధతి తెచ్చారు. రక్తంలో దొరకదు కాబట్టి దొంగ జబ్బు అనుకునే వాళ్లు ఇంకా ఉన్నారు. అలాంటి వాళ్లకి లేడీ గాగా డాక్యుమెంటరీ చూపించాలి. 2017లో వచ్చింది, 'గాగా: ఫైవ్ ఫుట్ టూ'. స్టేడియాలు ఊపేసే మనిషి సోఫాలో పడి ఏడుస్తుంటే చుట్టూ నలుగురు ఒళ్లు పడుతుంటారు. డబ్బు లేని వాళ్లు దీన్ని ఎలా తట్టుకుంటున్నారో అని అందులో ఆమే బాధపడుతుంది. 2018 ఫిబ్రవరిలో నొప్పి వల్ల యూరప్ టూరులో మిగిలిన 10 కచేరీలూ రద్దు చేసుకుంది. మోర్గాన్ ఫ్రీమన్‌కీ ఇదే. 2008లో కారు ప్రమాదమయ్యాక పట్టుకుంది.

మాత్ర చేతిలో, భయం గుండెలో

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. డాక్టరమ్మ గారు మొదట రాసింది అమిట్రిప్టిలిన్, రాత్రిపూట 10 మిల్లీగ్రాములు. ఇంటికొచ్చి ఫోన్లో చూస్తే డిప్రెషన్ మందు అని ఉంది! దిగులు జబ్బుకి ఇచ్చేది దీనికి ఎన్నో రెట్లు, ఇంత చిన్న డోసు నిద్రకీ నొప్పికీ అని ఆవిడ చెప్పనే చెప్పారు. అమ్మ వింటేనా? "పిచ్చి మందులు మింగుతున్నావా?" అంది. నిజానికి నాకొచ్చిన చిక్కు వేరు. నోరు ఎండిపోయేది. మామూలు మనిషికి అది చిన్న సంగతి. మైకు ముందు నాలుక అంగిలికి అతుక్కుని ప్రతి మాటకీ 'టక్', 'టక్' అని చప్పుడు! ఇంజనీరు తల పట్టుకున్నాడు. మందు మార్చారు. ఉదయం డ్యులోక్సెటిన్ 30, రాత్రి ప్రెగాబాలిన్ 75.

మందుల షాపు అబ్బాయి స్ట్రిప్పు కత్తిరిస్తూ ఉచితంగా ఒక సలహా పారేశాడు. "మేడమ్, ఇవి అలవాటు పడతాయి, చూస్కోండి."

సినిమా పిచ్చి ఉన్న మనిషికి ఆ మాట చాలదూ! ఆ రాత్రి నా కళ్ల ముందు చనిపోయిన తారలంతా వరసగా నిలబడ్డారు. మద్యంతో నిద్రమాత్రలు కలిసి 1964లో పోయిన గురుదత్. జోకర్‌గా మనందర్నీ వణికించి, ఆ సినిమా రిలీజు కూడా చూసుకోకుండా 2008 జనవరిలో 28 ఏళ్లకే పోయిన హీత్ లెడ్జర్. ఆయన ఒంట్లో దొరికినవి దాదాపు అన్నీ చీటీ మీద రాసే మందులే, కాకపోతే అన్నీ కలిశాయి. ఏళ్ల తరబడి నొప్పితో వేగిన పాటగాడు ప్రిన్స్, 2016 ఏప్రిల్లో. ఆయన వేసుకున్నది మామూలు నొప్పి మాత్ర అనుకునే! అది నకిలీ, లోపల ఉన్నది ఫెంటానిల్. అమ్మయితే 'మహానటి' చూసిన దగ్గర్నుంచీ నేను దగ్గు మందు తాగినా అనుమానంగానే చూసేది.

"మళ్లీ వేసుకున్నావా?" వంటింట్లోంచి రోజూ ఇదే కేక.

ఏం చేశానో చెబితే నవ్వుతారు. రెండు రోజులు వేసుకోవడం, రెండు రోజులు మానెయ్యడం. ఉపవాసంలా! ఒకసారి అమ్మతో మాటామాటా పెరిగి, రెండు మందులూ ఒక్కరోజున ఆపేశాను. మూడో రోజుకి కళ్లు తిరగడం, వాంతి, తల తిప్పితే లోపల కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనడం. "అయిపోయింది. నేను బానిసనైపోయాను" అనుకున్నాను. మళ్లీ వేసుకుంటే బానిసత్వం, మానేస్తే నరకం!

ఇంతలో ఒక పెద్ద తమిళ సినిమా. నాలుగు రోజుల కాల్షీటు, రెండో కథానాయిక గొంతు నాది. పక్క బూత్‌లో చేసే ఒకతను నా అవస్థ చూసి జేబులోంచి ఒక మాత్ర ఇచ్చాడు. "నడుం నొప్పికి నేను వేసుకునేదే, అక్కా. ఉత్త పెయిన్ కిల్లరే. కావాలన్నప్పుడు ఒకటి వేసుకో."

కావాలన్నప్పుడు ఒకటి! ఎంత హాయిగా వినిపించిందో ఆ మాట. రోజూ వేసుకునేది కాదు, పిచ్చి మందు కాదు, అలవాటయ్యేది కాదు అనుకున్నాను. అది ట్రామడాల్. నల్లమందు జాతి. 2018 ఏప్రిల్లోనే మన ప్రభుత్వం దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. నాకప్పుడు ఈ సంగతులేవీ తెలియవు. అరగంటలో ఒంటి మీద వెచ్చటి శాలువా కప్పినట్టయింది. ఆ నాలుగు రోజులూ నేను మాట్లాడిన డైలాగుల్ని ఇప్పటికీ జనం మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ సినిమా చూడబుద్ధి కాదు.

నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి. చీటీ అడగని షాపు ఒకటి దొరికింది. ఒకటి చేసే పని చెయ్యడానికి రెండు కావాల్సి వచ్చాయి. పొద్దున్న చెమటలు, ముక్కు కారడం, ఆవలింతలు. జలుబు అనుకున్నాను. మంచి మందుల్ని భయపడి సగం సగం వేసుకుంటూ, దాన్ని మాత్రం దిండు కింద దాచుకున్నాను. గమనించారా? వేటిని చూసి భయపడ్డానో వాటిని అమ్మ ఎదురుగానే వేసుకునేదాన్ని. భయపడాల్సినదాన్ని దొంగతనంగా!

ఒక ఆదివారం పని లేదు. నొప్పి కూడా పెద్దగా లేదు. మధ్యాహ్నం భోంచేసి కూర్చుంటే చెయ్యి దానంతట అదే దిండు కిందికి వెళ్లింది. చూసుకుని ఉలిక్కిపడ్డాను.

డాక్టరమ్మ గారి ముందు

మర్నాడే వెళ్లాను. సినిమాల్లోలా కన్నీళ్లు పెట్టుకుని మరీ చెప్పాను. నేననుకున్నట్టు ఆవిడ నన్ను తిట్టలేదు. ట్రామడాల్ పేరు వినగానే కుర్చీలో ముందుకు వంగారు, అంతే.

"డ్యులోక్సెటిన్ వేసుకున్న రోజున ఇది కూడా వేశావా?"

"వేశానండీ."

"ఫిట్స్ వచ్చి ఉండేవమ్మా." రెండూ కలిస్తే సెరొటోనిన్ హద్దు మీరి జ్వరం, వణుకు, గుండెదడ, ప్రాణం మీదికి కూడా రావచ్చట. ప్రెగాబాలిన్ ఉన్నప్పుడు మీద ఇలాంటిది పడితే ఊపిరే మందగించవచ్చట. హీత్ లెడ్జర్ నా కళ్ల ముందు మళ్లీ మెదిలాడు.

అప్పుడు నేను మనసులో ఉన్నది అడిగేశాను. "మీ మందులు ఆపినా నాకు నరకమే అయిందండీ. మరి రెండిటికీ తేడా ఏమిటి?"

ఆవిడ చెప్పినది నా మాటల్లో చెబుతాను. ఒళ్లు అలవాటు పడటం వేరు, మనిషి అలవాటు పడటం వేరు. బీపీ మాత్రల్లో కూడా కొన్నిటిని టక్కున ఆపితే ఒళ్లు ఎదురు తిరుగుతుంది, దాన్ని వ్యసనం అనం. మెల్లగా తగ్గిస్తే ఒళ్లు సర్దుకుంటుంది. వ్యసనం అంటే నొప్పి లేకపోయినా మాత్ర కోసం మనసు లాగడం, డోసు మనమే పెంచుకోవడం, దాచడం, చెడుపు జరుగుతోందని తెలిసీ ఆపలేకపోవడం. "నీ దిండు కింద ఉన్నది ఆ దారిలో సగం దూరం వెళ్లిపోయింది. టైముకే వచ్చావు" అన్నారు.

అలాగని తాను రాసిన మందులకి మంచి సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదు. అది నాకు నచ్చింది. ప్రెగాబాలిన్ అమెరికాలో నియంత్రణ జాబితాలో ఉంది. 2019 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లోనూ కట్టుదిట్టం చేశారు. దాన్నీ దుర్వినియోగం చేసే వాళ్లున్నారు. అంతకుముందు ఏదైనా వ్యసనం ఉన్న వాళ్లకి ముప్పు ఎక్కువ. "ఇప్పుడు నువ్వూ ఆ జాబితాలోకే వస్తావు, అందుకని కనిపెట్టి చూస్తాను" అని మొహం మీదే చెప్పారు. ఇంకో సంగతి కూడా ఆవిడ దగ్గరే విన్నాను. 2007లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు మెదడు స్కాన్లు తీసి చూస్తే, ఈ జబ్బున్న వాళ్లలో నల్లమందు జాతి మందులు వెళ్లి కూర్చోవాల్సిన చోట్లు మామూలు వాళ్లకన్నా తక్కువ ఖాళీగా కనిపించాయట. అందుకే కాబోలు, ఘాటు మాత్రలు ఈ నొప్పికి అంతగా పనిచెయ్యవు. మరి నాకు ఆ వెచ్చటి శాలువా ఏమిటంటే, అది నొప్పి తగ్గడం కాదు. తగ్గకపోయినా పట్టకపోవడం!

ట్రామడాల్ మానడానికి ఆరు వారాలు పట్టింది. వారానికి కొంత చొప్పున తగ్గిస్తూ, స్ట్రిప్పు అమ్మ చేతికిచ్చి. అవును, అమ్మకి అంతా చెప్పేశాను. ఆవిడ అరుస్తుందనుకున్నాను. ఏమీ అనలేదు. వెళ్లి దిండు గలీబు ఉతికింది.

ఆ ఆరు వారాలు ఎలా గడిచాయంటే... వద్దులెండి. రెండు సినిమాలు పోయాయి. ఒకదాంట్లో నాకు రావాల్సిన వేషానికి గొంతు ఇచ్చినమ్మాయి చాలా బాగా చేసింది, అది చెప్పాలి.

ఇప్పుడు పాత డబ్బింగ్ స్క్రిప్టు కాగితాల వెనక రోజూ మూడు లెక్కలు రాస్తాను. నిద్ర ఎన్ని గంటలు, నొప్పి పదికి ఎంత, నడక ఎన్ని నిమిషాలు. నడకంటే మొదట్లో నవ్వొచ్చింది, నడవలేకనే కదా వచ్చింది! కానీ 2017లో యూరప్ డాక్టర్లు అన్ని వైద్యాలూ బేరీజు వేసి, గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కదాన్నే. మా మేడ మీద అయిదు నిమిషాలతో మొదలెట్టాను, ఇప్పుడు పాతిక. నొప్పి పోయిందా అంటే పోలేదు. ఎనిమిది ఉండేది నాలుగు, అయిదు దగ్గర ఉంటోంది. ప్రెగాబాలిన్ వల్ల ఆరు కిలోలు పెరిగాను, తెర మీద కనబడను కాబట్టి సరిపోయింది. బుకింగ్‌కి ఫోన్ చేసే వాళ్లకి మధ్యాహ్నం తర్వాతే రాగలనని చెప్పేస్తున్నాను. ఆ మాట అన్నందుకు ఇద్దరు మళ్లీ పిలవలేదు.

మాత్ర ఇచ్చిన ఆ పక్క బూత్ అతనికి కూడా చెప్పాను. "నాకేం కాదక్కా, నాది కంట్రోల్లోనే ఉంది" అన్నాడు. డాక్టరమ్మ గారి నంబరు రాసి ఇచ్చాను. ఇంకా వెళ్లలేదు.

ఈ నెల మొదట్నుంచీ రాత్రి మాత్ర 75 నుంచి 50కి దిగింది. డాక్టరమ్మ గారి మాట మీదే. తగ్గించమని నాలుగేళ్ల కిందట నేనే బతిమాలేదాన్ని, తీరా తగ్గిస్తుంటే నాకే గుబులుగా ఉంది. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి రేపటి స్క్రిప్టు చూసుకుంటూ కూర్చున్నాను. మళ్లీ ఏడుపు సీనే. ఈసారి శవం తండ్రిది.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఏమే, మాత్ర వేసుకున్నావా?"