వార్తల్లో పదం: హౌస్‌హోల్డ్ ఫైనాన్స్

కుటుంబం డబ్బును ఎక్కడ దాస్తుంది, ఎందుకు అప్పు చేస్తుంది, ఆపదొస్తే ఏం అమ్ముతుంది... వీటిని పరిశీలించే అర్థశాస్త్ర శాఖ ఇది. ఆర్థికవేత్త తరుణ్ రామదొరై అధ్యక్షతన రిజర్వు బ్యాంకు నియమించిన కమిటీ 2017లో ఇచ్చిన నివేదికతో మన దేశంలో దీనిపై చర్చ పెరిగింది. ఆ నివేదిక ప్రకారం సగటు భారతీయ కుటుంబం ఆస్తిలో 84 శాతం ఇల్లు, భూమి, ఇతర వస్తువులే. బంగారం 11 శాతం. బ్యాంకు డిపాజిట్లు, బీమా వంటివన్నీ కలిపి 5 శాతమే!

ఆస్తి ఇలా ఇంటి రూపంలోనే ఉండిపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. వనపర్తి జిల్లా అమరచింత చేనేతకు పేరున్న ఊరు. ఇంట్లోనే మగ్గం వేసుకున్న నేతన్నకు ఇల్లు ఆస్తి మాత్రమే కాదు, బతుకుదెరువు కూడా. జబ్బు చేస్తే అందులో ఒక గది అమ్మి ఆసుపత్రి బిల్లు కట్టలేడు కదా. అప్పుడు దిక్కు వడ్డీ వ్యాపారే. ఈ ప్రైవేటు అప్పుల భారాన్నీ, బీమా కొరతనూ కమిటీ గట్టిగానే ఎత్తిచూపింది.