పారిస్ పొలిమేరలో మూడు ఊళ్లు

పెద్ద పట్టణములకు ఆమడ దూరములోనున్న గ్రామముల పంచాయతి సభ్యులతో ముచ్చటించునప్పుడెల్ల మాకు ఎదురగు ప్రశ్న యొకటి కలదు. "పట్టణము మా పొలిమేర దాటి లోపలికి వచ్చినచో మా పంచాయతి యేమగును?" అని వారడుగుదురు. ఒక్కమాటలో బదులు చెప్పుటకు వీలుకాని ప్రశ్న యిది. ఇట్టి అనుభవమును పూర్తిగా చూచిన ఊళ్ల కథ తెలిసినచో కొంత వెలుగు దొరకునని తలచి, ఫ్రాన్సు దేశములోని మూడు ఊళ్లను గూర్చి ఇచట వ్రాయుచున్నాము. పారిస్ నగరమునకు పడమట, సీన్ నది ఆవలి ఒడ్డున, పుతో, కూర్బెవా, నాంతేర్ అను ఊళ్లు కలవు. యూరపు ఖండములోని మిక్కిలి పెద్ద వ్యాపార కేంద్రములలో నొకటియైన లా దెఫాన్స్ ఈ మూడు ఊళ్ల నేలమీదనే వెలసినది.

ముందుగా ఆ దేశపు స్థానిక పరిపాలనను గూర్చి రెండు మాటలు. అచట పల్లెకైనను పట్టణమునకైనను మూలమైన స్థానిక సంస్థను కమ్యూన్ అందురు. 1789 నాటి విప్లవకాలమున ఏర్పడిన ఈ కమ్యూన్లు నేటికిని సుమారు 35,000 ఉన్నవి. సభ్యులను ఓటర్లు ఆరేండ్లకొకసారి ఎన్నుకొందురు. సభ్యులు తమలో నొకరిని మేయరుగా ఎన్నుకొందురు. 1860లో పారిస్ నగరము తన చుట్టునున్న బెల్‌విల్, మోమార్త్ర్ మొదలగు ఊళ్లను తనలో కలిపికొన్నది. కాని ఆ తరువాత నగరపు హద్దు దాదాపుగా అక్కడనే నిలిచినది. హద్దునకు ఆవలనున్న ఊళ్లు ఎంత పెరిగినను వేటికవియే కమ్యూన్లుగా ఉండిపోయినవి. పాఠకులు ఈ విషయమును గుర్తుంచుకొనవలెను. తరువాతి కథకంతకును ఇదియే కీలకము.

ఈ ఊళ్లు మొదట ద్రాక్షతోటల ఊళ్లు. నాంతేర్ రైతులు కూరగాయలు పండించి పారిస్ అంగళ్లకు పంపెడివారు. 1837లో నాంతేర్ మీదుగాను, 1839లో కూర్బెవా, పుతోల మీదుగాను రైలు నడిచినది. రైలు వెంట కర్మాగారములు వచ్చినవి. పుతోలో దెదియోన్-బూతోన్ కంపెనీ మోటారు బండ్లను తయారుచేసినది. కూర్బెవాలో గెర్లాన్ కంపెనీవారు అత్తరులు తయారుచేసిరి. తోటలు పోయి పొగగొట్టములు లేచినవి. కర్మాగారముల చుట్టు కార్మికుల ఇండ్లు, చిన్న దుకాణములు ఇరుకిరుకుగా పుట్టుకొని వచ్చినవి. పుతో, కూర్బెవాల నడుమ దారులు కలిసెడి కూడలిలో 1883లో ఒక కంచు విగ్రహమును నిలిపిరి. 1870-71 యుద్ధమున ప్రష్యా సేనల నుండి పారిస్‌ను రక్షింపబూనిన వారికి అది స్మారకము. లా దెఫాన్స్ అనగా రక్షణ. ఆ విగ్రహము పేరే ఆ చోటికి స్థిరపడినది. చుట్టును ఎన్నియో మారినను విగ్రహము మాత్రము నేటికిని అచటనే ఉన్నది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప పారిస్ నడిబొడ్డున కచేరీలకు చోటు చాలలేదు. పాత నగరపు అందమును చెడగొట్టి ఎత్తైన భవనములు కట్టుటకు పాలకులు వెనుకాడిరి. లూవ్రు ప్రాసాదము నుండి విజయతోరణము మీదుగా తిన్నగా పడమటికి సాగు రాజమార్గము నదిని దాటి ఈ కూడలికే చేరును. కావున వారి దృష్టి ఇచటికి మరలినది. 1958 సెప్టెంబరులో ఫ్రాన్సు ప్రభుత్వము ఎపాద్ అను ఒక సంస్థను స్థాపించి, మూడు కమ్యూన్లలోను కలిపి 700 హెక్టారులకు పైబడిన నేలను, అనగా 1,700 ఎకరములకు మించిన నేలను, దాని అధీనము చేసినది. పుతో కమ్యూన్ మొత్తము విస్తీర్ణమే 790 ఎకరములని తెలిసికొన్నచో ఇది ఎంత పెద్ద పనియో బోధపడును.

ఎపాద్ పనిచేసిన తీరు గమనింపదగినది. మొదట అది ఇండ్లను, దుకాణములను, చిన్న కర్మాగారములను పరిహారమిచ్చి స్వాధీనపరచుకొన్నది. పిదప వానిని పడగొట్టి నేలను చదును చేసినది. ఆ మీదట కట్టినది ఒక అరుగు. మన ఇంటి ముందరి అరుగు వంటిదే, కాని కాంక్రీటుతో కట్టినది. దాని విస్తీర్ణము సుమారు 30 హెక్టారులు. మోటారు దారులు, రైలు మార్గములు, సరకుల బండ్లు అరుగు క్రింద; నడచువారు అరుగు పైన. ఇట్టి ఏర్పాటు వలన లక్షలాది జనము మోటారుబండి భయము లేకుండ నడువగలుగుచున్నారు. ఎపాద్ అరుగు చుట్టును కంపెనీలకు చోట్లు చూపి, ఇన్ని చదరపు మీటర్ల కచేరీ కట్టుకొను హక్కును అమ్మినది. ఆ రాబడితోనే దారులు, అరుగు నిర్మితమైనవి. మొదటి కచేరీ భవనము 1963లో పూర్తియైనది. 1964 నాటి ప్రణాళిక ప్రకారము గోపురము వంటి భవనములన్నియు ఇంచుమించు 100 మీటర్ల ఎత్తున, ఒకే కొలతలో ఉండవలెను. ఆ నియమము ఎంతోకాలము నిలువలేదు. హక్కులను అమ్మియే పని సాగించు సంస్థకు ఎత్తు పెంచుమని కోరు కొనుగోలుదారుని కాదనుట కష్టము.

1973లో చమురు ధరలు పెరిగి ప్రపంచమంతట వ్యాపారము మందగించినప్పుడు కొనుగోలుదారులు కనబడకపోయిరి. కొన్ని సంవత్సరములు ఎపాద్ నష్టములలో కూరుకుపోయినది. 1978లో ప్రభుత్వము చేయూతనిచ్చి నిలబెట్టినది. తరువాత మరల ఊపు వచ్చినది. 1970లో వచ్చిన త్వరిత రైలుకు తోడు 1992లో పారిస్ మెట్రో రైలు కూడ ఇచటికి పొడిగింపబడినది. నడుమ 1989లో, విప్లవపు ద్విశతాబ్ది ఉత్సవముల వేళ, సుమారు 110 మీటర్ల ఎత్తుగల మహాతోరణము ప్రారంభమైనది. నేడు లా దెఫాన్స్‌లో 30 లక్షల చదరపు మీటర్లకు మించిన కచేరీలు కలవు. ఇచట పనిచేయువారు సుమారు 1,80,000 మంది. పుతో జనాభా సుమారు 44,000 మాత్రమే. ఉదయము రైళ్ల నుండి జనము వెల్లువగా దిగును. సాయంత్రమున ఆ వెల్లువ వెనుకకు మరలును. రాత్రి ఊరిలో మిగిలెడి వారు కమ్యూన్ ఓటర్లు. పగలు వచ్చువారిలో ఎక్కువమంది అచటి ఓటర్లు కారు.

ఇక పన్నుల సంగతి. పంచాయతి సభ్యులకు ఇది ఆసక్తి కలిగించునని మా నమ్మకము. ఫ్రాన్సులో వ్యాపారసంస్థలపై విధించెడి పన్ను, ఆ సంస్థ కచేరీ ఏ కమ్యూన్ నేలపైనున్నదో ఆ కమ్యూన్‌కే ముఖ్యముగా చెందెడిది. 1975 చట్టముతో దానికి కొత్త రూపు వచ్చినది. 2010లో అది రద్దయి వేరు పన్నులు దాని స్థానమున వచ్చినవి. గోపురములలో అత్యధికము పుతో, కూర్బెవాల నేలపై పడినవి. ఆ రెండు కమ్యూన్ల ఖజానాలు నిండినవి. ఇండ్ల పన్ను రేట్లు దేశములోనే మిక్కిలి తక్కువగా ఉంచియు అవి బడులను, క్రీడాస్థలములను, సాంస్కృతిక భవనములను దండిగా కట్టించుకొనగలిగినవి.

మూడవ ఊరైన నాంతేర్ కథ వేరు. 1950, 1960 దశాబ్దములలో అల్జీరియా మొదలగు దేశముల నుండి వచ్చిన కార్మికులు వేలాదిగా అచట రేకు గుడిసెలలో నివసించిరి. లా ఫొలీ అను చోట పెద్ద గుడిసెల వాడ యొకటి ఎపాద్ నేలమీదనే ఉండెడిది. పారిస్ చుట్టు భవనములు కట్టిన చేతులలో వీరి చేతులు అనేకము. 1970వ దశాబ్ది ఆరంభము నాటికి ఆ వాడలను తొలగించిరి. వ్యాపార కేంద్రమునకు వెనుకవైపున పడిన నాంతేర్‌కు రైలుపట్టాలు, హెచ్చు వేగపు రహదారులు వాటాగా వచ్చినవి. నదికి ఈవలనున్న నోయీ అను సంపన్న కమ్యూన్ వారి శ్మశానవాటిక కూడ మహాతోరణమునకు వెనుక, నాంతేర్ నేలపైననే ఉన్నది! కార్మికులు హెచ్చుగానున్న ఆ కమ్యూన్ పెద్దలు మా నేలమీది ప్రణాళిక మా మాట విని సాగవలెనని చిరకాలము పట్టుబట్టిరి. తుదకు 2000లో నాంతేర్ భాగమునకు సేన్-ఆర్ష్ అను వేరొక సంస్థ ఏర్పడినది.

ఒకే కేంద్రమునకు ఆనుకొనిన ఊళ్లలో ఒకటి మిగులు బడ్జెటుతోను, మరియొకటి కొరతతోను ఉండుట న్యాయమా యను తర్కము పారిస్ ప్రాంతమంతట చెలరేగినది. 1991లో ఫ్రాన్సు పార్లమెంటు ఒక చట్టము చేసినది. దాని ప్రకారము పారిస్ ప్రాంతములోని సంపన్న కమ్యూన్లు ఒక ఉమ్మడి నిధికి చెల్లింపవలెను. అవసరములు హెచ్చుగానున్న కమ్యూన్లు దానినుండి పొందును. చెల్లించెడి వానిలో పుతో, కూర్బెవాలు ముఖ్యమైనవి. చెల్లించువారికి ఇది నచ్చకపోవుట సహజమే. మా దృష్టిలో మాత్రము, పక్క ఊరి దారులమీదుగా వచ్చిన సంపదలో పక్క ఊరికి పాలుండుట ధర్మమే.

రాబడి చూచి మురిసినవారు ఖర్చును మరచిన సందర్భమును కూడ చెప్పవలసియున్నది. అరుగునకు, సొరంగములకు వయస్సు మీరినది. నీరు ఊరుట, మెట్లు విరుగుట, దీపములు మార్చుట మొదలగు పనులెవరివి? కట్టించిన సంస్థదా, ఊరిదా? 2007లో దీనికై ఒక చట్టము చేసి నిర్వహణకు వేరే సంస్థను నిర్ణయించిరి. 2009 నుండి అది పని ప్రారంభించినది. ఆస్తులు అప్పగించునప్పుడు ఏది ఎవరిది, ఏ స్థితిలో ఉన్నదన్న విషయమున వివాదములు వచ్చినవి. 2018లో రెండు సంస్థలను కలిపి ఒక్కటి చేసి, దాని పాలకమండలిలో స్థానిక సంస్థలకే ఆధిక్యమిచ్చిరి. లేఅవుటు వేసినవారు దారులను, మురుగు కాలువలను పంచాయతికి అప్పగించిన మరుసటి వానకే కాలువ పూడిపోవుట చూచిన సభ్యులకు ఈ వివాదము క్రొత్తగా తోచదు.

మన హైదరాబాదు పడమటి దిక్కున కూడ ఇట్టి మార్పు జరిగినది. మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపూర్, రాయదుర్గము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వంటి ఊళ్లు కొలది కాలములోనే కచేరీల వాడలైనవి. ఆ ప్రాంతపు శేరిలింగంపల్లి పురపాలక సంఘము 2007లో మహానగర పాలక సంఘములో విలీనమైనది. ఇచటనే రెండు దేశముల పద్ధతులకు భేదము కనబడుచున్నది. పుతోలో గోపురములు లేచినను పుతో సభ నిలిచియున్నది. ఇచట ఊరు పెరిగినకొలది ఊరి సభ పెద్దదానిలో కలిసిపోయినది. విలీనము వలన నీరు, మురుగునీటి పారుదల వంటి పెద్ద పనులు ఒకే చేతిమీదుగా జరుగు సౌలభ్యము కలదు. కాని సర్వే నంబరు పేరు చెప్పగానే అది చెరువు శిఖమో, పట్టా భూమియో, వాగు దారియో ఎరిగిన సభ్యుడు ఆ పెద్ద సభలో దొరకుట అరుదు. నగరము చేరువకు వచ్చుచున్న పంచాయతులు తమ చెరువుల, వాగుల, బాటల, శ్మశానముల, ఉమ్మడి భూముల హద్దులను కాగితముపై సరిగా నమోదు చేయించియుంచుట ఎందులకు ముఖ్యమో దీనివలన తెలియుచున్నది. సభ మారినను రికార్డు మిగులును.

2020లో కొవిడ్ మహమ్మారి వచ్చిన తరువాత లా దెఫాన్స్‌లో మరియొక మార్పు మొదలైనది. అనేకులు వారములో కొన్ని దినములు ఇంటినుండియే పనిచేయుచున్నారు. ఖాళీ అంతస్తులు పెరిగినవి. కొన్ని పాత కచేరీలను నివాసములుగా, విద్యార్థి వసతులుగా మార్చు ఆలోచనలు సాగుచున్నవి. నివాసములు పెరిగినచో బడులు, వైద్యశాలలు కావలెను; ఆ భారము మరల కమ్యూన్లదే. 2024 మే నెలలో పారిస్ నడిబొడ్డు నుండి లా దెఫాన్స్ మీదుగా మరియొక త్వరిత రైలు నడువనారంభించినది. దాని చివరి స్టేషను నాంతేర్‌లో, గుడిసెల వాడ ఉండిన ఆ లా ఫొలీలోనే ఉన్నది.