మంత్రి స్థానంలో రాణి: ప్రేమ్‌చంద్ కథ, సత్యజిత్ రాయ్ చిత్రం

సాహిత్యకృతి ఆధారంగా వచ్చిన చలనచిత్రం మూలానికి ఎంత విధేయంగా ఉందని పరిశీలించడం విమర్శలో స్థిరపడిన అలవాటు. సత్యజిత్ రాయ్ 1977లో రూపొందించిన ‘శత్రంజ్ కే ఖిలాడీ’ విషయంలో ఈ కొలమానం అంతగా ఉపకరించదు. అవధ్ పతనానికి బాధ్యులెవరన్న ప్రశ్నకు మూలకథ ఇచ్చిన సమాధానాన్నే రాయ్ సవరించారు.

ప్రేమ్‌చంద్ కథ 1924 నాటిది. నవాబు వాజిద్ అలీ షా కాలపు లక్నోలో మీర్జా సజ్జాద్ అలీ, మీర్ రోషన్ అలీ అనే జాగీర్దార్లు పగలూ రాత్రీ చదరంగంలో మునిగి ఉంటారు. ఇంట్లో ఆట సాగక గోమతి అవతల పాడుబడిన మసీదుకు చేరతారు. కంపెనీ సైన్యం నవాబును బంధించి తీసుకుపోతున్నా పట్టించుకోరు. చివరకు ఆటలో పుట్టిన తగవు వంశగౌరవం దాకా పాకి, కత్తులు దూసి ఇద్దరూ ప్రాణాలు విడుస్తారు. వారు పిరికివారు కారని, వారిలో లోపించింది రాజకీయచైతన్యమేనని కథకుని తీర్పు. జాతీయోద్యమకాలంలో అది అవసరమైన ఆత్మవిమర్శ.

చిక్కు కూడా అక్కడే ఉంది. 1856 ఫిబ్రవరిలో అవధ్‌ను కలుపుకున్నప్పుడు కంపెనీ చూపిన కారణమూ ఇదే: పాలకులు విలాసాలలో మునిగారు, పాలన చెడింది. వారసులు లేని సంస్థానాలపై డల్హౌసీ ప్రయోగించిన సూత్రం ఇక్కడ చెల్లదు కనుక దుష్పరిపాలన అనే అభియోగమే ఆధారమయింది. ఆత్మవిమర్శగా పలికిన మాట విజేత వాదానికి సాక్ష్యంగా మారే ప్రమాదం ప్రేమ్‌చంద్ కథను వెన్నాడుతూనే ఉంటుంది.

కథలో దాదాపు తెరవెనుకే ఉన్న నవాబును (అమ్జద్ ఖాన్) రాయ్ ముందుకు తెచ్చారు. అతనికి ఎదురుగా రెసిడెంట్ జనరల్ ఔట్రమ్‌ను (రిచర్డ్ అటెన్‌బరో) నిలిపారు. నవాబు దినచర్యపై అందిన నివేదికను చదువుతూ ఔట్రమ్ తన సహాయకుడు వెస్టన్‌ను ప్రశ్నించే దృశ్యం చిత్రానికి ఆయువుపట్టు. నమాజులు, గాలిపటాలు, నృత్యం, కవిత్వం అన్నీ ఒకే జాబితాలో చేరతాయి. వెస్టన్ నవాబు కవితను ఆంగ్లంలో వినిపిస్తే ఔట్రమ్‌కు అది గొప్పగా తోచదు. గదిలో ఇద్దరు మాట్లాడుకోవడం తప్ప మరే చర్యా లేదు. అయినా ఒక సంస్కృతి మరొకరికి అర్థం కాకపోవడమే నేరారోపణగా ఎలా మారుతుందో ప్రేక్షకునికి కళ్లకు కట్టినట్లు తెలుస్తుంది. తాను చేయబోయే పనిపై ఔట్రమ్‌కూ సందేహముంది. అతనిని కేవలం ప్రతినాయకునిగా చిత్రించకపోవడం రాయ్ సంయమనం.

నవాబును నిర్దోషిగా నిలబెట్టే ప్రయత్నమూ ఇందులో లేదు. ఒప్పందంపై సంతకం నిరాకరించి, కిరీటం తీసి ఔట్రమ్‌కు అందించే ఘట్టంలో ఆత్మగౌరవమూ నిస్సహాయతా విడదీయరాకుండా పెనవేసుకున్నాయి. చరిత్రలోనూ అతడు సంతకం చేయలేదు. తలపాగా తీసి ఔట్రమ్ చేతిలో పెట్టాడు. ఈ పాత్రచిత్రణపై ఆనాడు ఘాటైన విమర్శ రాగా, రాయ్ స్వయంగా సమాధానం రాశారు.

అతిపెద్ద మార్పు ముగింపులో ఉంది. చిత్రంలో మిత్రులిద్దరికీ వెదికిన మసీదు దొరకదు. తగవులో మీర్ చేతిలోని తుపాకీ పేలుతుంది. మీర్జాకు స్వల్పగాయమే అవుతుంది. సిగ్గుతో కాసేపు మౌనం వహించి, మళ్లీ పావులు సర్దుకుంటారు, ఈసారి ఇంగ్లీషువారి పద్ధతిలో. ఆ పద్ధతి ఏమిటో మున్షీ నంద్‌లాల్ మొదట్లోనే వివరించి ఉన్నాడు. మంత్రి తప్పుకోవాలి, విక్టోరియా రాణి వస్తోంది. ఆ పావును నేటికీ మంత్రి అనే పిలుచుకునే తెలుగు పాఠకునికి ఈ శ్లేషకు వ్యాఖ్యానం అక్కరలేదు.

కథలో ఇద్దరి మరణంతో ఆ వర్గం చరిత్ర కూడా ముగిసినట్లనిపిస్తుంది. చిత్రంలో వారు బతికే ఉన్నారు. మరుసటి ఏడాది, 1857లో, అదే లక్నోలో బేగం హజ్రత్ మహల్ నాయకత్వాన తిరుగుబాటు చెలరేగింది. అప్పుడు ఈ ఇద్దరూ ఏ పక్షాన నిలిచి ఉంటారో రాయ్ చెప్పలేదు.