పాలు ఆగవు, బియ్యం ఆగుతుంది: సప్లై చైన్ అంటే ఏమిటి?



ఇంటర్ తర్వాత బీబీఏ, ఎంబీఏ అనే మాట రాగానే ఆపరేషన్స్, సప్లై చైన్ అనే పేర్లు వినిపిస్తాయి. ఇవి పెద్ద కంపెనీల సంగతులని మనం వదిలేస్తుంటాం. నిజానికి నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే దారిలో రోజూ మన కళ్ల ముందు జరిగేవి ఇవే.

తయారీ చోట గేటు లోపల జరిగే పనంతా ఆపరేషన్స్. ముడిసరుకు ఆ గేటు దాకా రావడం, తయారైన సరుకు వాడేవాళ్ల చేతికి చేరడం, దాని డబ్బు వెనక్కి రావడం, ఇవన్నీ కలిపితే సప్లై చైన్. దీన్ని అర్థం చేసుకోవడానికి మీ పిల్లలకు ఒక్క ప్రశ్న నేర్పండి: ఈ సరుకు ఎంతకాలం ఆగగలదు?

గంటలు మాత్రమే ఆగేది: పాలు

నంద్యాలలో విజయ డెయిరీ ఉంది కాబట్టి ఈ ఉదాహరణ పిల్లలకు తెలిసిందే. పల్లెలో పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. అక్కడే వెన్న శాతం చూసి, 4 డిగ్రీలకు చల్లబరిచి, ట్యాంకరులో డెయిరీకి పంపుతారు. అక్కడ 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచి, మళ్లీ చల్లబరిచి ప్యాకెట్లు కడతారు. ఎక్కడ ఆలస్యమైనా పాలు విరిగిపోతాయి. అందుకే పాల వ్యాపారంలో ఖర్చంతా చల్లదనం మీద, వేగం మీద ఉంటుంది.

ఎన్నేళ్లయినా ఆగేది: రాతి విగ్రహం

ఆళ్లగడ్డ శిల్పుల పని దీనికి పూర్తిగా భిన్నం. రాయి చెడిపోదు. కానీ ఏ దేవుడు, ఎంత ఎత్తు, నిలబడిన రూపమా కూర్చున్న రూపమా అన్నది గుడివాళ్లు చెప్పకుండా ఉలి పెట్టలేరు. ముందు ఆర్డరు, తర్వాత తయారీ. ఆర్డరు ఇచ్చిన రోజు నుంచి సరుకు చేతికొచ్చే దాకా పట్టే కాలాన్ని లీడ్ టైమ్ అంటారు. ఇక్కడ అది నెలల్లో ఉంటుంది. ఆ నెలలన్నీ శిల్పి ఇల్లు గడవాలంటే అడ్వాన్సు కావాలి. అంటే సరుకు ఒకవైపు కదిలితే డబ్బు రెండోవైపు కదలాలి. రెండోది ఆగితే మొదటిదీ ఆగుతుంది.

ఆగితే విలువ పెరిగేది: బియ్యం

కేసీ కెనాల్ కింద పండి, మార్కెట్లో కర్నూలు సోనాగా పేరు తెచ్చుకున్న సన్నబియ్యం సంగతి చూడండి. తినడం ఏడాది పొడవునా ఉంటుంది, కోత మాత్రం కొన్ని వారాల్లో అయిపోతుంది. ఈ తేడాను పూడ్చడానికి నిల్వ పెట్టే సరుకే ఇన్వెంటరీ.

కోత మిషన్లు వచ్చాక ఊరి వడ్లన్నీ దాదాపు ఒకేసారి కల్లానికి వస్తున్నాయి. ఆరబెట్టే స్థలం మాత్రం పెరగలేదు. అందుకే రోడ్డు పక్కన వడ్లు పరిచి కనిపిస్తాయి. మొత్తం పనిని నెమ్మదింపజేసే ఇలాంటి ఇరుకు చోటే బాటిల్‌నెక్. మద్దతు ధరకు కొనాలంటే వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. ఆరే లోపు వాన పడితే రైతు ధర పోగొట్టుకుంటాడు.

మిల్లులో జరిగేది ఆపరేషన్స్. ప్రభుత్వ లెక్కలో 100 కిలోల వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం రావాలి. సుమారు 20 కిలోలు ఊక. అది బాయిలర్లలో ఇంధనమవుతుంది. తవుడు నూనె మిల్లుకు పోతుంది. నూకలకూ కొనేవాళ్లున్నారు. ఏదీ వృథా పోకుండా చూడడమే మిల్లు లాభం.

ఇక అసలు విషయం. కొత్త బియ్యం కంటే పాత బియ్యానికి ధర ఎక్కువని మనందరికీ తెలుసు. కొత్తవి ముద్దవుతాయి, పాతవి పొడిపొడిగా ఒదుగుతాయి. కాబట్టి ఆగగలిగినవాడికి లాభం. కానీ కోత కూలి, ఎరువుల బాకీ, పిల్లల ఫీజు కట్టాల్సిన రైతు ఆగలేడు. అందరూ ఒకేసారి అమ్మే వారంలోనే, ధర తక్కువున్నప్పుడే అమ్మేస్తాడు. నిల్వ ఉంచే లాభం గోదాము, పెట్టుబడి ఉన్నవాళ్లకు చేరుతుంది. దీనికి మార్గంగానే 2007లో గోదాముల చట్టం చేశారు. గుర్తింపు పొందిన గోదాములో ధాన్యం పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకు రుణం తీసుకుని, ధర వచ్చాక అమ్ముకోవచ్చు. మన పాఠశాలలో రైతు కుటుంబాల పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

భయం కూడా చైన్‌ను కదిలిస్తుంది

2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపింది. వార్త తెలియగానే అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాలకు పరుగెత్తారు. కొన్ని చోట్ల మనిషికి ఒక బస్తాయే ఇస్తామని బోర్డులు పెట్టారు. అప్పటికే అక్కడికి చేరిన నిల్వ ఆ రోజున తగ్గలేదు. అందరూ నెలల సరుకు ఒక్కరోజే కొనబోవడం వల్ల అరలు ఖాళీ అయ్యాయి. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం ఎత్తేశారు.

ఈ నెల ఇంట్లో చేయించండి

బియ్యం డబ్బా బాధ్యత మీ అబ్బాయికో అమ్మాయికో అప్పగించండి. ఇంట్లో రోజుకు ఒక కిలో వాడతారనుకుందాం. ఫోన్ చేశాక షాపువాళ్లు బస్తా పంపడానికి 2 రోజులు పడుతుందనుకుందాం. చుట్టాలొస్తారేమో, షాపు మూస్తారేమో అని ఇంకో 3 రోజుల సరుకు చేతిలో ఉంచుకుందాం. అంటే డబ్బాలో 5 కిలోలు మిగిలినప్పుడు ఫోన్ చేయాలి. దీన్నే మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో రీఆర్డర్ పాయింట్ అంటారు.

నెల రోజులు వాడకం రాయించండి. లెక్క ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది అని అడగండి. ఆ కాగితం పిల్లలతో క్లాసుకు పంపిస్తే అందరం కలిసి పోల్చి చూస్తాం.