256 గొంతుల పద్దు: కంప్యూటరు వాద్యంలో ఏ స్వరం ముందు ఆగుతుంది?

పత్తికొండ, తుగ్గలి, దేవనకొండ వైపు ఊళ్ళలో పండరి భజనకైనా, చర్చిలో ఆరాధనకైనా, పెళ్ళిలో పాటకచేరికైనా హార్మోనియం పక్కన ఇప్పుడు కీబోర్డు మామూలైంది. ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకో దారి ఉంది. చిన్న కీబోర్డును ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌కు కలిపి, శబ్దాన్ని లాప్‌టాప్‌తోనే పుట్టించవచ్చు. ఈ దారి పట్టినవారిని ఒక సమస్య వేధిస్తుంది. పాట మంచి ఊపులో ఉండగా ఒక స్వరం ఉన్నట్టుండి మాయమవుతుంది. వైరు ఊడి ఉండదు, స్పీకరు పాడై ఉండదు. లోపల ప్రోగ్రామ్ వేసుకున్న ఒక లెక్క ప్రకారమే ఆ స్వరం ఆగింది. ఆ లెక్క తెలిస్తే సమస్యను చాలావరకు తప్పించుకోవచ్చు.

శబ్దాన్ని లెక్కలతో పుట్టించే ఇలాంటి ప్రోగ్రామ్‌ను సాఫ్ట్‌వేర్ సింథసైజర్ అంటారు. ఉదాహరణకు ఫ్లూయిడ్‌సింథ్‌ను తీసుకుందాం. పీటర్ హనాప్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ ఉచితం. దాని లోపలి రాత కూడా అందరికీ తెరిచి ఉంటుంది కాబట్టి, ఏ పని ఎందుకు చేస్తుందో ఊహించనక్కర్లేదు, చదివి తెలుసుకోవచ్చు. దాన్ని ఎంచుకోవడానికి నాకు అదే పెద్ద కారణం.

ముందు ‘వాయిస్’ అంటే ఏమిటో తేల్చుకుందాం. యమహా కీబోర్డుల మీద ఈ మాట వాద్యం రకానికి వాడతారు. పియానో ఒక వాయిస్, వేణువు ఒక వాయిస్. సింథసైజర్ లోపల మాత్రం దీని అర్థం వేరు. ఒక క్షణంలో విడిగా లెక్క కట్టాల్సిన ఒక్కో శబ్దపు పాయ ఒక వాయిస్. దీన్ని ఇక్కడ గొంతు అందాం. ఒకేసారి ఎన్ని గొంతులు మోగగలవో చెప్పే సంఖ్యను పాలిఫనీ అంటారు.

‘నాకున్నవి పది వేళ్ళే కదా, 256 గొంతులు ఎలా చాలవు?’ అని అడగవచ్చు. ఒక మెట్టు నొక్కితే ఒకే గొంతు లేస్తుందన్న హామీ లేదు. పియానో శబ్దాన్ని స్టీరియోలో, అంటే ఎడమకు ఒకటి, కుడికి ఒకటిగా రికార్డు చేసి ఉంటే మెట్టుకు 2 గొంతులు. దాని మీద వయొలిన్ల గుంపును లేయరుగా వేస్తే మరో 2. ఇప్పుడు ఒక్క మెట్టుకు 4 గొంతులు. రెండు చేతులా 10 మెట్లు నొక్కితే 40. పెడల్ తొక్కిపట్టి మొత్తం మూడు వేర్వేరు చోట్ల అలా నొక్కితే 120, ఎందుకంటే పెడల్ కింద పాత స్వరాలు ఆగవు. యమహా పీఎస్ఆర్-ఐ500 కీబోర్డు పాలిఫనీ 48. ఫ్లూయిడ్‌సింథ్‌లో మనం ఏమీ మార్చకపోతే అది 256. మెట్టుకు 4 చొప్పున 64 మెట్లతో ఆ 256 కూడా నిండిపోతుంది. డ్రమ్స్, శ్రుతి వాటా ఇందులో ఇంకా కలపలేదు.

ఒకప్పటి వాద్యాలతో పోలిస్తే 256 చాలా పెద్ద సంఖ్యే. 1970లో వచ్చిన మినీమూగ్‌కు ఉన్నది 1 గొంతు. 1978 నాటి ప్రాఫెట్-5కు 5, 1983లో వచ్చిన యమహా డీఎక్స్7కు 16. 1991లో జనరల్ మిడి అనే ఉమ్మడి ప్రమాణం కనీసం 24 ఉండాలని చెప్పింది.

పెంచుకుంటూ పోతే సరిపోదా అంటే, ప్రతి గొంతుకూ ఖర్చు ఉంది. మామూలు నాణ్యతలో సెకను శబ్దానికి 44,100 సంఖ్యలు కావాలి. 256 గొంతులూ ఒకేసారి మోగితే సెకనుకు 1,12,89,600 సంఖ్యలు తయారవ్వాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా జనం 40.53 లక్షలు. అంటే జిల్లాలో ప్రతి మనిషికీ రెండు సంఖ్యలు పంచినా ఇంకా 31 లక్షలకు పైగా మిగులుతాయి, అదీ ఒక్క సెకనులో. ఈ సంఖ్యలను ప్రోగ్రామ్ 64 చొప్పున విడతలుగా తయారుచేస్తుంది. ఒక్కో విడత 1.45 మిల్లీసెకన్ల శబ్దం, అంటే సెకనులో సుమారు 700వ వంతు. గాలిలో శబ్దం మూరకు కాస్త పైన దూరం పోయేలోపు ఒక విడత పూర్తి కావాలి. ఆలస్యమైతే స్పీకరులో గరగర వినిపిస్తుంది.

ఇంత వేగంలో ఏ గొంతు ఏ స్థితిలో ఉందో గుర్తుంచుకోవాలి కాబట్టి ప్రోగ్రామ్ ఒక పద్దు రాసుకుంటుంది. పెళ్ళి భోజనాల బంతిని ఊహించుకోండి. 256 ఆకులు వేసి ఉన్నాయి. ఖాళీ ఆకు అంటే వాడుకకు సిద్ధంగా ఉన్న గొంతు. కూర్చుని తింటున్న మనిషి వేలి కింద మోగుతున్న గొంతు. కొందరు తినడం ముగించినా బంతిలో పెద్దాయన లేచేదాకా లేవరు. వేలు తీసినా పెడల్ పట్టి ఉంచిన గొంతు స్థితి అదే. ఇంకొకరు లేచారు గానీ ఆకు ఇంకా తీయలేదు. వేలు తీశాక కూడా శబ్దం సన్నగిల్లుతూ కాసేపు సాగుతుంది కదా, అది ఈ దశ. ఆకు తీసి చోటు తుడిచాకే తర్వాతి బంతివారికి అది ఖాళీ. ఇవి కాక పియానో నడిమి పెడల్‌కు పద్దులో ఇంకో స్థితి ఉంది. ఆ పెడల్ తొక్కే సమయానికి నొక్కి ఉన్న మెట్లను మాత్రమే అది పట్టి ఉంచుతుంది.

ఈ దశలను విడదీసి చూడకపోతే పద్దు చెప్పే జవాబు తికమక పెడుతుంది. ప్రోగ్రామ్‌ను రెండు రకాలుగా ప్రశ్నించవచ్చు. ‘ఈ గొంతు శబ్దం చేస్తోందా?’ అన్నది ఒకటి. ‘ఈ గొంతుకు మెట్టు వదిలిన కబురు ఇంకా అందలేదా?’ అన్నది రెండోది. సన్నగిల్లుతున్న గొంతు విషయంలో మొదటిదానికి జవాబు ‘అవును’, రెండోదానికి ‘అందింది’. అందుకే వేళ్ళన్నీ తీసేశాక కూడా ‘మోగుతున్నవి ఎన్ని’ అని అడిగితే 30 అనో 40 అనో జవాబు రావచ్చు. అది తప్పు లెక్క కాదు. చెవికి ఆనని తోకలు కూడా ఆకు పట్టుకుని కూర్చున్నట్టే.

పద్దు ఎంత తాజాగా ఉంటుందన్నది ఇంకో సందేహం. శబ్దం తయారుచేసే పని ఒక దారిలో, మెట్ల కబుర్లు అందుకుని పద్దు రాసే పని వేరే దారిలో నడవగలవు. పద్దు రాసేవారు ప్రతిసారీ వంటవారిని ఆపి అడిగితే వడ్డన ఆగిపోతుంది. అలాగే ఇక్కడా శబ్దపు దారిని ఆపితే గరగర తప్పదు. అందుకని ఒక గొంతు పూర్తిగా ముగిసినప్పుడు శబ్దపు దారి చిన్న చీటీ రాసి వరుసలో పెడుతుంది. రెండో దారి తనకు వీలైనప్పుడు ఆ చీటీలు చూసి పద్దులో కొట్టేస్తుంది. కాబట్టి పద్దు చెప్పేది అచ్చంగా ఈ క్షణపు సంగతి కాదు, రవ్వంత వెనకటి సంగతి.

మన చెవి అంతకంటే వెనకబడి ఉంటుంది. తయారైన శబ్దం స్పీకరుకు చేరేముందు కొంత నిల్వలో ఆగుతుంది. లినక్స్‌లో ఏమీ మార్చకపోతే ఆ నిల్వ 64 చొప్పున 16 విడతలు, అంటే 23 మిల్లీసెకన్లు. విండోస్‌లో 512 చొప్పున 8, అంటే 93 మిల్లీసెకన్లు. వేదిక నుంచి 32 మీటర్ల దూరంలో కూర్చున్నవారికి పాట ఎంత ఆలస్యంగా వినబడుతుందో, విండోస్ లాప్‌టాప్ ముందు కూర్చుని వాయించేవారికి తమ స్వరమే అంత ఆలస్యంగా వినబడుతుంది. పద్దులో ‘ఆగింది’ అని ఉన్న స్వరం చెవిలో ఇంకా మోగుతూ ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 256 ఆకులూ నిండి ఉండగా కొత్త మెట్టు నొక్కితే ఎవరో ఒకరిని లేపాలి. ఎవరిని అన్నది మార్కులు తేలుస్తాయి. అందరికంటే తక్కువ మార్కులున్న గొంతు వెంటనే ఆగిపోతుంది.

ఫ్లూయిడ్‌సింథ్ మార్కులు ఇలా ఉంటాయి. డ్రమ్ అయితే 4000 కలుపు. వేలు తీసేసి, సన్నగిల్లుతున్న గొంతుకు 2000 తగ్గించు. పెడల్ పట్టి ఉంచినదానికి 1000 తగ్గించు. వీటితోపాటు వయసు మార్కు ఉంది: మెట్టు నొక్కి ఎన్ని సెకన్లయిందో ఆ సంఖ్యతో 1000ని భాగించి వచ్చినది కలపాలి. 1 సెకను అయితే 1000, 4 సెకన్లయితే 250. శబ్దం బలానికీ కొంత కలుస్తుంది గానీ, లెక్క తేలిగ్గా ఉండటానికి దాన్ని పక్కన పెడుతున్నాను.

నాలుగు గొంతులకు లెక్క వేసి చూద్దాం. సెకను కిందట కొట్టిన డ్రమ్‌కు 4000, 1000 కలిపి 5000. రెండు సెకన్లుగా వేలి కింద ఉన్న స్వరానికి 500. నాలుగు సెకన్ల కిందట మొదలై పెడల్ మీద నిలిచినదానికి మైనస్ 750. ఐదు సెకన్ల కిందట మొదలై, వేలు తీశాక సన్నగిల్లుతున్నదానికి మైనస్ 1800. ముందు పోయేది చివరిది. చాలా సంగీతాలకు ఇది న్యాయమైన పద్ధతే. పోయేది ఎలాగూ వినబడీ వినబడని స్వరం, తాళం మాత్రం తెగదు.

మన పాటకు ఈ న్యాయం సరిపోదు. మనకు శ్రుతి పాట మొదలు నుంచి చివరి దాకా ఆగకూడదు. రెండు చేతులూ పాటకు కావాలి కాబట్టి షడ్జమం, పంచమం, పై షడ్జమం నొక్కి, పెడల్ తొక్కి, వేళ్ళు తీసేస్తే చాలనిపిస్తుంది. నిమిషం తర్వాత ఆ శ్రుతి మార్కులు చూడండి. పెడల్ మీద ఉంది కాబట్టి మైనస్ 1000. వయసు 60 సెకన్లు కాబట్టి కలిసేది 17. మొత్తం మైనస్ 983. ఐదు సెకన్ల కిందట వాయించి అదే పెడల్ మీద నిలిచిన మామూలు స్వరానికి మైనస్ 800. అర సెకను కిందట తాకి వదిలేసిన స్వరానికి 2000 తగ్గి, వయసు మార్కు 2000 కలిసి సున్నా. అంటే దారినపోయే స్వరాలు శ్రుతి కంటే పైన నిలబడతాయి. వేలు తీసేసి, నొక్కి సెకను దాటిన స్వరాలు ఏవైనా మిగిలి ఉంటే ముందు అవి పోతాయి. అవి అయిపోగానే వంతు శ్రుతిదే. పాట ఎంత పొడుగైతే శ్రుతికి మార్కులు అంత తగ్గుతాయి. పాటకు ఆధారమైనదాన్ని ఈ లెక్క పాతబడినదిగా చూస్తోంది. శ్రుతి అనే సంగతి తెలియకుండా రాసిన నియమం అది, అందుకే దాన్ని మన అవసరానికి మనమే దిద్దుకోవాలి.

దిద్దే వీలు ఆ ప్రోగ్రామ్‌లోనే ఉంది. వాద్యాల మధ్య కబుర్లు నడిపే మిడి పద్ధతిలో 16 దారులుంటాయి. వాటిని ఛానళ్ళు అంటారు. డ్రమ్స్‌కు 10వది కేటాయించి ఉంటుంది. శ్రుతికి మరొకటి, మాటవరసకు 16వది, విడిగా ఇవ్వండి. తర్వాత ‘సింథ్.ఓవర్‌ఫ్లో.ఇంపార్టెంట్-ఛానల్స్’ అనే అమరికలో 16 అని రాయండి. అలా రాసిన ఛానల్‌లోని ప్రతి గొంతుకూ 5000 మార్కులు కలుస్తాయి. మైనస్ 983లో ఉన్న శ్రుతి 4017కు చేరుతుంది. వేలు తీసిన స్వరాలు, పెడల్ స్వరాలు దానికంటే ముందు వరుసలో ఉంటాయి కాబట్టి శ్రుతి జోలికి ఎవరూ రారు. మూడు మెట్లకు స్టీరియోలో 6 గొంతులే ఖర్చు, మిగతా 250 పాటకు ఉంటాయి. ఇంకో లాభం కూడా ఉంది. పెడల్ ఒక్కో ఛానల్‌కు విడివిడిగా పనిచేస్తుంది. పాట ఛానల్‌లో పెడల్ ఎన్నిసార్లు తొక్కి వదిలినా శ్రుతి కదలదు.

అమరికలు మార్చడం ఇబ్బంది అనుకునేవారు శ్రుతి మెట్లను పెడల్‌తో కాకుండా బరువు పెట్టి నొక్కి ఉంచినా కొంత మేలు. అప్పుడు ఆ మైనస్ 1000 పడదు, నిమిషం తర్వాత మార్కు 17 ఉంటుంది. పెడల్ మీద పాతబడిన స్వరాలన్నీ దానికంటే ముందు పోతాయి.

లాప్‌టాప్ మరీ పాతదైతే 256ను 128కి తగ్గించడం మంచిది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, మిషను మోయలేనన్ని గొంతులు పెట్టి పాటంతా గరగరలాడించడం కంటే ఒకటి రెండు పాత స్వరాలు తొందరగా పోవడం నయం. ఇంట్లో సాధన చేసేటప్పుడు, మీ పాటల్లో అన్నిటికంటే బరువైన చోట మోగుతున్న గొంతుల సంఖ్య చూడండి. అది 90 దాటకపోతే 128 మీకు ధారాళం.

స్వరం పోవడానికి ఎదురు సమస్య, స్వరం ఆగకపోవడం. మెట్టు నొక్కిన కబురు, వదిలిన కబురు విడివిడిగా వెళ్తాయి. రెండోది వైరు కదిలి దారిలో పోతే, ప్రోగ్రామ్‌కు మీ వేలు ఇంకా మెట్టు మీదే ఉన్నట్టు లెక్క. పద్దులో ‘మోగుతోంది’ అనే ఉంటుంది, హార్మోనియంలాంటి శబ్దమైతే ఆగకుండా సాగుతూనే ఉంటుంది. దీనికి మిడిలో రెండు ఆజ్ఞలున్నాయి. 123వ నంబరు ‘మెట్లన్నీ వదిలినట్టు లెక్కపెట్టు’ అంటుంది, కానీ పెడల్ తొక్కి ఉంటే ఆ స్వరాలు ఇంకా ఆగవు. 120వ నంబరు పెడల్‌ను కూడా పట్టించుకోకుండా శబ్దం మొత్తం ఆపేస్తుంది. రెండూ పనిచేసేది పంపిన ఛానల్‌లోనే. కాబట్టి స్వరం ఇరుక్కున్న ఛానల్‌కు మాత్రమే 120 పంపితే, 16లో ఉన్న శ్రుతి ఆగకుండానే ఆ ఛానల్‌లోని శబ్దం, దానితోపాటు ఇరుక్కున్న స్వరం పోతాయి.